ఎరుగని చోట ఈశ్వరుని నిలుపవచ్చునా?



నేటి ప్రసంగమునకు ముందు మేమొక పొరపాటును మీ యెదుట ఒప్పుకొనవలసి యున్నది. రెండు సంవత్సరముల క్రిందట ఇదే మండపములో, ఇదే పీఠముమీద కూర్చుండి, ఈశ్వరసిద్ధిని గూర్చి చెప్పుచు మేమొక యుక్తిని చూపియుంటిమి. మీలో పలువురకు జ్ఞాపకముండవచ్చును. "వ్రేలు తెగినప్పుడు రక్తము దానంతటదియే గడ్డకట్టుచున్నది. ఆ పనికి పండ్రెండునకు పైగా పదార్థములు ఒకదాని వెంట నొకటి మేల్కొనవలెను. అందులో ఒకటి లోపించినను పని చెడును. ఇట్టిది మెట్టుమెట్టుగా ఏర్పడజాలదు. కావున దీనిని ఒక్కసారిగా కూర్చిన కర్త ఉండి తీరవలెను. దీనికి శాస్త్రజ్ఞులు బదులు చెప్పలేకున్నారు" అని అంటిమి. సభలో కరతాళధ్వనులు చెలరేగినవి. మేమును సంతోషించితిమి.

ఆ రాత్రి భోజనమైన పిమ్మట మా దౌహిత్రుడు మా ప్రక్కకు వచ్చి కూర్చుండెను. అతడు జీవరసాయనశాస్త్రములో ఎమ్మెస్సీ చదువుచుండెను. కొంతసేపు ఊరకుండి, "తాతగారూ! మీరు చెప్పినదానికి బదులు ఉన్నది. దానిని మాకు తరగతిలో పాఠముగా చెప్పినారు. అది చదివిన మావంటివారు మీ ప్రసంగము విన్నచో, ఆ యుక్తి పోయినది గనుక ఈశ్వరుడును పోయినాడనుకొందురు. ఈ సాయంకాలము నాకే అట్లనిపించినది" అనెను.

ఆ కడపటి మాట మా మనస్సున గ్రుచ్చుకొన్నది. వేదమును, తర్కమును, వేదాంతమును పాఠశాలలో గురువుల పాదములకడ చదివినవారమే గాని, ఈ శాస్త్రమును మేము చదువలేదు. చదువని విషయములో తీర్పు చెప్పితిమి. "అయినచో నాయనా, నాకు పాఠము చెప్పుము" అంటిమి. సెలవులకు వచ్చినప్పుడెల్ల అతడు చెప్పెను, మేము వింటిమి. తెలియని భాగమును రెండుమూడు మారులు చెప్పించుకొంటిమి. దాని ఫలమునే నేడు మీకు నివేదించుచున్నాము.

పూర్వపక్షము

మొదట విషయమేమో తెలిసికొందము. రాత్రి పాలకు తోడు పెట్టుదుము. తెల్లవారునప్పటికి పెరుగగును. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తీసికొని, దానిని ఒక రూపమునుండి వేరొక రూపమునకు, దానినుండి మరియొక దానికి మార్చుచు, చివరకు పులుపుగా చేయుచున్నవి. ఒక్కొక్క మార్పునకు ఎంజైమను ఒక్కొక్క పనివాడు ఉన్నాడు. ఒకని చేతిలోనిది వేరొకని చేతికి పోవుచుండును. ఈ వరుసకే జీవరసాయన మార్గమని పేరు. మన దేహములోను ఇట్టి మార్గములు అనేకములున్నవి. అన్నమునుండి శక్తిని తీయు మార్గములలో మిక్కిలి ప్రసిద్ధమైన చక్రమును 1937లో హాన్స్ క్రెబ్స్ వివరించెను. ఆ శక్తిని జీవకణము తన పనులకు వెచ్చించునది ఎ.టి.పి. అను పదార్థరూపమున. దానిని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అమెరికాలో ఫిస్కేగారితో కలిసి వారు, అదే సంవత్సరమున జర్మనీలో లోమన్‌గారు, దీనిని వెల్లడించిరి. ఈ శాస్త్రము మనకు పరాయిది కాదని చెప్పుటకే వారి పేరు తలచితిమి.

ఈ మార్గములు ఎట్లు పుట్టినవి? జీవపరిణామము వలన క్రమక్రమముగా ఏర్పడినవని జీవశాస్త్రజ్ఞులందురు. దీనికి ఎదురుగా 1996లో అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయపు జీవరసాయనాచార్యుడు మైకేల్ బీహీ "డార్విన్స్ బ్లాక్ బాక్స్" అను గ్రంథమును వ్రాసెను. ప్రాణులకెల్ల మూలపురుషుడొకడే అనుటను ఆయన కాదనలేదు. కాని కొన్ని మార్గములు మెట్టుమెట్టుగా రాజాలవనెను. ఎలుకల బోనును ఉదాహరించెను. పలక, తీగ, చుట్ట, కొక్కెము, వీనిలో ఒకటి తీసినను బోను ఎలుకను పట్టదు. సగము బోను సగము ఎలుకలను పట్టదు గదా! రక్తము గడ్డకట్టుటయు అట్టిదేనని ఆయన వాదము. మేము ఆనాడు చెప్పినది ఈ వాదమే. అది ఎవరిదో కూడ తెలియక, ఎక్కడనో విని చెప్పితిమి.

పరీక్ష

న్యాయశాస్త్రము చదివినవారు హేతువును పరీక్షింపక సాధ్యమును ఒప్పుకొనరాదు. ఇక్కడ హేతువేమి? "ఒక అంగము తీసినచో మొత్తము చెడుట." సాధ్యమేమి? "క్రమముగా ఏర్పడకుండుట." ఈ రెండింటికి వ్యాప్తి ఉన్నదా? మన ఊరి పాత రాతికమానును చూడుడు. నడిమి రాయి తీసినచో కమాను కూలును. అయినను దానిని మేస్త్రీలు రాయి వెంబడి రాయి పేర్చియే కట్టిరి. అప్పుడు క్రింద కర్రల సెంట్రింగు ఉండెను. పని ముగిసిన పిమ్మట దానిని తీసివేసిరి. నేడు కమానును మాత్రమే చూచువానికి అది ఒక్కసారిగా నిలిచినట్లు తోచును. హేతువున్నది, సాధ్యము లేదు. కావున ఈ హేతువు వ్యభిచరించినది. తర్కసంగ్రహము చదివిన బాలుడు పట్టదగిన దోషమును మేము పట్టలేకపోతిమి. ఏలయనగా, తేలిన ఫలము మాకు ప్రియమైనదిగా ఉండెను.

సగము మార్గము వ్యర్థమనుటయు సరికాదు. పాలనుండి పెరుగు, పెరుగునుండి వెన్న, వెన్ననుండి నేయి. నేటికి పాలు మొదలు నేయి వరకు ఒక్కటే మార్గము. కాని పెరుగు తిన్నవాడు ఎన్నడో వెన్న కొరకు ఎదురుచూచుచు తినలేదు. పెరుగు పెరుగుగానే రుచించినది, వెన్న వెన్నగానే మేలు చేసినది. ప్రతి మజిలీ తనకు తానే ఉపయోగము గలది. క్రెబ్స్ చక్రమును గూర్చి శాస్త్రజ్ఞులు చెప్పునదియు ఇదియే. గాలి తగులని చోట బ్రదుకు కొన్ని బాక్టీరియాలలో ఆ చక్రము పూర్తిగా తిరుగదు. రెండు సగములు రెండు వైపుల పనిచేసి, దేహమునకు కావలసిన సామగ్రిని కూర్చుచున్నవి. మరి కొన్నింటిలో చక్రము వెనుకకు తిరిగి గాలిలోని బొగ్గుపులుసు వాయువును అన్నముగా మార్చుచున్నది.

ఇక రక్తము సంగతి. ఆ వరుసలోని పదార్థములలో పెక్కు ఒకే కుటుంబమునకు చెందినవి. అంతేకాదు, క్లోమమునుండి వచ్చి మన అన్నమును జీర్ణము చేయు ట్రిప్సిను అను ఎంజైమునకు అవి దాయాదులు. అన్నియు ప్రోటీనులను కోయు కత్తులే. జీవకణములో ఒక జన్యువు పొరపాటున రెండు ప్రతులగుట కలదు. ఒక ప్రతి పాత పనిని చేయుచుండగా, రెండవ ప్రతి మార్పులకు లోనై క్రొత్త పనికి కుదురుకొనును. ఇట్లు ఒక్క కత్తినుండి పలు కత్తులు వచ్చినవని రస్సెల్ డూలిటిల్ మొదలగువారు దశాబ్దములపాటు ఒక్కొక్క ప్రాణిని పరీక్షించి చూపిరి. తిమింగిలములలోను, డాల్ఫినులలోను ఈ వరుసలో పండ్రెండవదని లెక్కింపబడు పదార్థము లేదు. అయినను వాని రక్తము గడ్డకట్టుచున్నది. తాను చెప్పినది ఆ తరువాతి మెట్లను గూర్చియేనని బీహీగారు బదులు చెప్పిరి. కాని దవడలు లేని లాంప్రే అను ప్రాచీనజాతి జలచరములో నడిమి మెట్లు కూడ మనకన్న తక్కువగా ఉన్నవని 2008లో డూలిటిల్ బృందము చూపెను. పొట్టి నిచ్చెనయు పైకప్పునకు చేర్చుచున్నదన్నమాట.

ఈ వాదము న్యాయస్థానమునకును ఎక్కినది. పెన్సిల్వేనియాలోని డోవర్ అను ఊరి పాఠశాలలలో ఇట్టి కర్తృవాదమును పిల్లల చెవిని వేయవలెనని అక్కడి పాఠశాలల మండలి నిర్ణయింపగా తల్లిదండ్రులు దావా వేసిరి. బీహీగారు సాక్ష్యమిచ్చిరి. 2005 డిసెంబరు 20న న్యాయమూర్తి జోన్స్ ఇది విజ్ఞానశాస్త్రము కాదని తీర్పు చెప్పెను. న్యాయస్థానముల తీర్పుచే తత్త్వము నిర్ణయము కాదు. కాని ఆ సాక్ష్యములో ఒక ఘట్టము మమ్ము ఆలోచింపజేసినది. దేహరక్షణవ్యవస్థ పుట్టుకను గూర్చి ఏబదియెనిమిది పరిశోధనవ్యాసములను, తొమ్మిది గ్రంథములను ఆయన ముందు ఉంచిరి. అవి చాలవని ఆయన అనెను. చదివి చాలవనుట ఒకటి, చదువకయే లేవనుట వేరొకటి. మేము చేసినది రెండవది.

కన్నుల ఎదుట క్రొత్త శక్తి పుట్టుట ఎవరైన చూచిరా అని మేము మనుమని అడిగితిమి. అతడు రిచర్డ్ లెన్స్కీ ప్రయోగమును చెప్పెను. 1988లో ఆయన అమెరికాలో ఒకే జాతి బాక్టీరియాను పండ్రెండు సీసాలలో పెంచనారంభించెను. ఆ సీసాలలో నిమ్మ ఉప్పునకు సంబంధించిన సిట్రేటును ఉంచెను. గాలి తగులుచున్నప్పుడు ఈ బాక్టీరియా దానిని తినజాలదు. పదేండ్లు దాటి, ముప్పదియొక వేలకు పైగా తరములు గడచిన పిమ్మట, పండ్రెండింటిలో ఒక్క సీసాలోని బాక్టీరియా దానిని తిననేర్చినది. 2008లో దీనిని ప్రకటించిరి. ఇందులో అపూర్వమైన ఎంజైము ఏదియు ఊడిపడలేదు. ఉన్న జన్యువే రెండు ప్రతులై, వేరొక మీట ప్రక్కన చేరి, మునుపు పనిచేయని వేళ పనిచేయ మొదలిడినది. దానికి ముందు మరి కొన్ని మార్పులు నేలను సిద్ధము చేసియుండెను. అంతకన్న ఎక్కువగా దీనిని చెప్పరాదు. తక్కువగాను చెప్పరాదు.

తాళపత్రముల సాక్ష్యము

మమ్ము అన్నింటికన్న ఎక్కువగా ఒప్పించినది ఉసిరికాయ.

కార్తికమాసమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనము చేయుదుము. ఉసిరిలో సి విటమిను మిక్కిలిగా ఉన్నది. అది మనకు అన్నముతో అందవలెను. కాని ఆవునకు, మేకకు, కుక్కకు అక్కరలేదు. వాని దేహమే దానిని చేసికొనును. ఆ మార్గములో కడపటి మెట్టుకు కావలసిన ఎంజైము మనకు లేదు. లేదనుట పూర్తిగా సరికాదు. దాని జన్యువు చెడిపోయిన రూపములో మన కణములలో ఇప్పటికిని పడియున్నది. కోతులలోను, వాలములేని వానరజాతులలోను అదే జన్యువు చెడియే యున్నది.

తాళపత్రగ్రంథములను పరిష్కరించువారికి దీని అర్థము వెంటనే తెలియును. రెండు ప్రతులలో శుద్ధపాఠము సమానముగా ఉన్నచో, ఇద్దరు లేఖకులును జాగ్రత్తగా వ్రాసిరనవచ్చును. కాని రెండింటిలోను ఒకే చోట ఒకే తప్పు, ఒకే పంక్తిలోపము ఉన్నచో, ఆ రెండును ఒకే మాతృకనుండి పుట్టినవని పరిష్కర్త నిశ్చయించును. తప్పు చెప్పు సాక్ష్యము ఒప్పు చెప్పు సాక్ష్యముకన్న బలమైనది. మేము మా జీవితములో ఎన్నియో ప్రతులను ఈ న్యాయముతోనే సరిచూచితిమి. అదే న్యాయము దేహమను గ్రంథమునకు వర్తింపదనుటకు మాకు కారణము కనిపింపలేదు.

ఇంకొక మాట. ప్రతి మార్గమును ఈశ్వరుడు బయటనుండి యంత్రమువలె బిగించెనన్నచో, ఈ విరిగిన మెట్టును కూడ ఆయనయే బిగించెననవలెను. ఈశ్వరుని గొప్పచేయబోయి ఆయనను పొరపాటు చేసిన పనివానిగా చేసినవారమగుదుము.

ఆచార్యుల మార్గము

"అయినచో ఈశ్వరుడు లేడందురా?" అని మీరడుగవచ్చును. వినుడు.

జగత్తు కార్యము గనుక, కుండకు కుమ్మరివలె దీనికి కర్త ఉండవలెనని అనుమానముచేత సాధించినవారు నైయాయికులు. పదవ శతాబ్దమున ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలిలో ఈ మార్గమును ఎంతో సమర్థముగా నడిపిరి. కాని దీనిని ఖండించినవారు నాస్తికులు మాత్రమే అనుకొనకుడు. భగవద్రామానుజులు శ్రీభాష్యములో, శాస్త్రయోనిత్వాధికరణమున, ఈ అనుమానమును ముక్కముక్కలుగా పరీక్షించి త్రోసివేసిరి. కుండను చేయువానిని చూచితిమి గాని, భూమిని, సముద్రములను చేయువానిని ఎవరు చూచిరి? పెద్ద కట్టడములకు పనివారు పలువురుందురు గదా, జగత్తునకు కర్త ఒక్కడే అనుటకు అనుమానములో ఏమి బలమున్నది? లోకములో ప్రతి కర్తకు శరీరమున్నది, ఆ లెక్కన ఈశ్వరునకును శరీరము, దాని పరిమితులు రావలసివచ్చును. ఇట్లు సాగును ఆ విచారము. పరమభక్తులైన రామానుజులు ఇంత పట్టుదలతో దీనినేల త్రోసివేసిరి? తర్కముచే నిలిపిన ఈశ్వరుని అంతకన్న గొప్ప తర్కము పడగొట్టునని వారెరుగుదురు. ఈశ్వరుడు శాస్త్రముచేతనే తెలియవలసినవాడని వారి సిద్ధాంతము.

శంకరభగవత్పాదులు ప్రమాణముల మర్యాదను మరియొక వైపునుండి చెప్పిరి. నిప్పు చల్లనిదని నూరు శ్రుతులు చెప్పినను అది ప్రమాణము కాజాలదని వారి గీతాభాష్యములోని భావము. కంటికి, అనుమానమునకు అందు విషయములో వేదము పోటీకి రాదు. రక్తము ఎట్లు గడ్డకట్టుచున్నది, ఆ శక్తి ఎట్లు ఏర్పడినది అనునది పరిశీలనకు అందు విషయము. దానిని పరిశీలించినవారినే అడుగవలెను. కావున ఇవియన్నియు వేదములలో ముందే ఉన్నవనియు, దశావతారములు జీవపరిణామపాఠమనియు చెప్పి గర్వించుట మాకు సమ్మతము కాదు. మత్స్యావతారమును మనము పూజించుట జీవశాస్త్రము కొరకు కాదు.

బ్రహ్మసూత్రములలో ఉపసంహారదర్శనాధికరణమను భాగమున్నది. కుమ్మరికి చక్రము, కర్ర, మట్టి కావలెను, ఏ పనిముట్టు లేని బ్రహ్మము జగత్తును ఎట్లు చేయునని అచటి ప్రశ్న. దానికి ఇచ్చిన దృష్టాంతము కుమ్మరి కాదు, కమ్మరి కాదు. పాలు పెరుగగుట! బయటనుండి ఎవరో బిగింపకయే, పాలు తన స్వభావముచేతనే పెరుగగుచున్నవి. దృష్టాంతమును ఒక అంశమునందే గ్రహింపవలెను. తోడులోని సూక్ష్మజీవులను భాష్యకారులు చెప్పుచున్నారని మేమనము. కాని అద్వైతులకును, విశిష్టాద్వైతులకును ఈశ్వరుడు జగత్తునకు వెలుపల నిలిచిన కుమ్మరి మాత్రమే కాడు. ఉపాదానమును ఆయనయే. అట్టి ఈశ్వరునకు, జగత్తు క్రమముగా విప్పుకొనెనను వార్త అపాయమెట్లగును? అపాయమెవరికన్న, ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఒక మెట్టును బిగించి పోవు పనివానికి మాత్రమే.

మిగిలిన ప్రశ్న

అన్నియు తేలినవని చెప్పుట కూడ అసత్యమే. మొట్టమొదటి మార్గములు, తొలి జీవకణముకన్న ముందటి స్థితి, ఇంకను విచారణలోనే ఉన్నవి. 1953లో స్టాన్లీ మిల్లర్ కొన్ని వాయువులలో విద్యుత్తును ప్రసరింపజేసి, ప్రోటీనులకు మూలమైన ఆమ్లములు ఏర్పడుట చూపెను. కాని ఇటుకలు దొరకుట ఇల్లు కట్టుట కాదు. ఎంజైములు లేక జన్యువులు నకలు కావు, జన్యువులు లేక ఎంజైములు పుట్టవు. ముందు ఏది? ఆర్.ఎన్.ఎ. అను పదార్థము రెండు పనులను చేయగలదని తెలిసినప్పటినుండి ఆ చిక్కు కొంత సడలినది, పూర్తిగా విడలేదు. ఇదిగో ఖాళీ దొరికినదని మరల ఈశ్వరుని అక్కడకు తీసికొనిపోవుదమా? ఒకసారి చేసిన పొరపాటు చాలును. ఖాళీలలో నిలిపిన ఈశ్వరుడు, ప్రతి తరములోను ఒక గదినుండి వేరొక గదికి తరిమివేయబడును.

నాసదీయసూక్తమును తలచుకొనుడు. సృష్టి ఎట్లు పుట్టినదో ఎవరు నిశ్చయముగా ఎరుగుదురని అడిగి, ఎరుగుదునను గర్వమును చివరవరకు ఎవరికిని మిగుల్పక ముగిసినది ఆ సూక్తము. తెలియనప్పుడు తెలియదనుట మన ఋషులకు సిగ్గు కాలేదు. మాకేల కావలెను?

పెద్దలకు మాదొక విన్నపము. మీ పిల్లలు కళాశాలనుండి వచ్చి ఇట్టి ప్రశ్న వేసినప్పుడు, "నీవు నాస్తికుడవైతివి" అని నోరు మూయింపకుడు. వారు చదివినదానిని చెప్పించుకొని వినుడు. పిల్లలారా! మీ తాతల యుక్తి ఒకటి విరిగినంత మాత్రమున వారి భక్తి అబద్ధమనుకొనకుడు. దీపము వెలుగుటకు వారు చెప్పిన కారణము తప్పు కావచ్చును. వెలుగు తప్పు కాదు. ఎ.టి.పి. ఒకటే బాక్టీరియాలోను, తులసిలోను, ఆవులోను, మనలోను ఉన్నదని మా మనుమడు చెప్పిన రాత్రి మేము పూజగదిలో చాలసేపు కూర్చుంటిమి. అది ఈశ్వరునకు రుజువని మేమనము. కాని ఆనాడు తులసికి నీరు పోయునప్పుడు బంధువునకు నీరు పోసినట్లు తోచినది.

మా దౌహిత్రుడు నేడు ఈ సభలోనే వెనుకవరుసలో కూర్చుండియున్నాడు. ఈశ్వరుని గూర్చి అతని నిశ్చయమేమో మేమడుగలేదు. అతడే చెప్పునంతవరకు అడుగము. మేము మాత్రము రెండేండ్ల క్రిందట మీ యెదుట చెప్పిన ఆ యుక్తిని నేడు మీ యెదుటనే ఉపసంహరించుకొనుచున్నాము. ఉపాసనను కాదు.

శ్రీవారి అనుగ్రహము మీకందరకు కలుగుగాక!

స్వస్తి.